మడిచీర మీద వానపాము

వానపాములను గోనెగండ్ల నుంచి బస్సులో, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. మా పెదనాన్న కూతురిని ఆ ఊరికి ఇచ్చారు. వాళ్ల పొలంలో రేకుల పందిరి కింద తొట్లు కట్టి ఎరువు చేస్తారు. ఒకసారి చూడ్డానికి పోతే అక్క పేడలో చెయ్యి పెట్టి గుప్పెడు పైకి తీసి చూపించింది. చిక్కుపడిన ఎర్ర నూలులా ఉంది, కాకపోతే కదులుతోంది. నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. చిక్కునూలు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

"నాకు కొన్ని ఇయ్యక్కా" అన్నాను.

"ఆదోనిలో యాడ పెట్టుకుంటావే వీటిని? మంచం కిందనా?" అని నవ్వింది. నవ్వుతూనే గోనెసంచిలో పేడతో సహా కట్టి ఇచ్చింది.

బస్సులో కండక్టరు నా ఒళ్లోని సంచిని అనుమానంగా చూశాడు. "ఏందమ్మా అది, తడి కారుతాంది?" అన్నాడు. "వంగనారు అన్నా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. వానపాములు అంటే దించేస్తాడని భయం ఒకటి, పక్క సీటు ఆమె లేచిపోతుందన్న సిగ్గు ఒకటి. వాటి గురించి నేను ఆడిన మొదటి అబద్ధం అదే. మొదటిది తేలిగ్గా చెల్లిపోయింది కాబట్టి రెండోది నోటికి తొందరగా వచ్చింది.

మాది ఆదోనిలో ఒక పాత వీధి. కింద ఇంటి యజమానురాలు, పైన మేము ఇద్దరం. మా ఆయన దూదిమిల్లులో పని చేస్తాడు, సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద కూడా దూది ఉంటుంది. యజమానురాలిని మేము అవ్వా అని పిలిచేవాళ్లం. వాళ్లది తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మాధవరంలో ఉండే మరిది కొడుకే ఆమెకు అన్నీ. పెద్దమ్మను వాళ్లు కన్నడంలో దొడ్డమ్మ అంటారు. ఆయనా దొడ్డమ్మా దొడ్డమ్మా అని ప్రేమగానే పిలిచేవాడు. మాకు ఇల్లు ఇచ్చింది కూడా ఆయనే. తాళంచెవి చేతిలో పెడుతూ, "కోళ్లు, కుక్కలు, పిల్లులు ఏవీ పెంచగూడదు. కింద మడీ ఆచారం ఉంటాది, చూసుకోండి" అన్నాడు.

వానపాములను పెంచగూడదని ఆయన అనలేదు. నేను ఆ లాపాయింటు పట్టుకున్నాను.

ఎందుకు పెంచానో కూడా చెప్పాలి. చెత్తబండి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కూరగాయల తొక్కులు బకెట్లో కుళ్లి, ఈగలు ముసిరి, వాసన కొట్టేది. మా పుట్టింట్లో దేన్నీ పారేసేవాళ్లం కాదు. నూలుకు పట్టించగా మిగిలిన గంజి సైతం గేదెకు పోసేవాళ్లం. అలా పెరిగినదాన్ని కాబట్టి ఆ బకెట్టు చూస్తే నాకు ఒళ్లు మండేది. పాత పెయింటు డబ్బాలు తెచ్చి, అడుగున మేకుతో తూట్లు పొడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టాను. అన్నిటికంటే కింద ఒక పళ్లెం. డబ్బాల్లోంచి దిగే గోధుమరంగు నీళ్లు దాంట్లోకి వస్తాయి. ఎండాకాలం తడి గోనెపట్టా కప్పేదాన్ని. నా కంటే వాటికే చల్లగా ఉండేది. తొక్కులు పోయి, కొన్నాళ్లకు టీపొడిలాంటి నల్లటి ఎరువు వచ్చేది. వాసన ఉండేది కాదు. మా బాల్కనీలో వంకాయలు కాశాయి, గులాబీలు పూశాయి. వీధిలో వాళ్లు "నీ చేతిలో ఏముందమ్మా" అంటే ఏమీ లేనట్టు నవ్వేదాన్ని. ఆ పొగడ్త నాకు బాగా ఎక్కింది. దాచడానికి ఏముందని అనుకునేదాన్ని, దాచుతూనే ఉండేదాన్ని.

ఒకరోజు అవ్వ కింది నుంచే తలెత్తి, "పైన ఏం పోస్తావే చెట్లకు? నా తులసమ్మ ఎండిపోతాంది, కొంచెం ఇయ్యి" అంది.

నేను ఒక చేటలో ఎరువు తెచ్చి, ఆమెకు అంత దూరంలో నేల మీద పెట్టి వెనక్కి జరిగాను. అదీ మా పద్ధతి. ఆమె స్నానం చేసి మడి కట్టుకుంటే పనులన్నీ అయ్యేదాకా ఎవరూ తాకకూడదు. ఏది ఇచ్చినా కింద పెట్టాలి, ఏది తీసుకున్నా కింద నుంచి తీసుకోవాలి. తాకితే ఆమె మళ్లీ తలమీద నీళ్లు పోసుకోవాలి.

"ఇదేంది, నల్లగుంది?"

"ఆకులు మురగబెట్టిన ఎరువవ్వా."

అది రెండో అబద్ధం. తులసి నెల తిరక్కుండా చిగురు వేసింది. అవ్వ రోజూ దానికి ప్రదక్షిణం చేసేటప్పుడు పైకి చూసి నా కోసం కూడా ఒక దణ్ణం పెట్టేది. "చల్లగుండు" అనేది. నాకు లోపల చిన్నగా ఏదో గుచ్చుకునేది, కానీ వంకాయకూర తిని పడుకుంటే సర్దుకునేది.

అవ్వ మడి మీద నాకు కోపం ఉండేదన్న మాట కూడా దాచను. మంచి మనిషే, సందేహం లేదు. కానీ మెట్లు దిగుతూ ఎదురుపడితే చాలు, "ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు" అంటూ గోడకు అతుక్కుపోయేది. ఆ మాట ఎన్నిసార్లు వింటే అన్నిసార్లు నా మొహం ముడుచుకునేది. నేనూ రోజూ స్నానం చేసేదాన్నే కదా, నా ఒంటికి ఏమైనా అంటుకుని ఉందా అని మా ఆయన దగ్గర గొణిగేదాన్ని. "ఆమె తమ్ముడు వచ్చినా అదే మాటంటాది, నీ ఒక్కదానికే కాదులే" అనేవాడు. న్యాయమైన మాటే. అయినా మొహం ముడుచుకునేది.

ఆషాఢంలో ఆమె భర్త తద్దినం వస్తుంది. మరిది కొడుకు వచ్చి కర్మ చేస్తాడు, భోజనానికి ఇద్దరు బ్రాహ్మలను పిలుచుకొస్తాడు. వంట మాత్రం అవ్వదే. భర్త పోయినప్పటి నుంచీ ఆ రోజు వంట ఆమె ఎవరికీ ఇచ్చింది లేదు. అయితే మేము చేరిన మరుసటి ఏడు ఆమె జారిపడి కుడిచేతి మణికట్టు విరిగింది. ఆ ఏడు మాధవరం నుంచి ఒకామెను పిలిపించి వండించారు. అవ్వ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. "మా ఇంటికి నేనే చుట్టమైపోయినా" అని నాతో అంది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

చెయ్యి అతుక్కుంది గానీ మునుపటి బలం రాలేదు. మరుసటి ఏడు ఆషాఢం దగ్గరపడుతుంటే మరిది కొడుకు వచ్చి, మాధవరంలో తన ఇంట్లోనే పెడదామన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. చివరికి ఆయనే దిగివచ్చాడు. "సరే దొడ్డమ్మా, ఈ తూరి నీ చేత్తోనే చెయ్యి. చేతనైతే ఏటా నువ్వే. కాలేదంటే మాత్రం మా ఇంట్లోనే. మళ్లీ పట్టు పట్టగూడదు" అన్నాడు. అవ్వ పరీక్షకు కూర్చునే పిల్లలాగా తలూపింది. ఆ వారమంతా ఆమె బియ్యం ఏరుకుంటూ, పప్పు బాగుచేసుకుంటూ, ఎడంచేత్తో బావిలోంచి చేద లాగడం అలవాటు చేసుకుంటూ ఉంది. నాకు తెలిసి ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ వారంలోనే మా ఆయన టమోటాలు తెచ్చాడు. పత్తికొండ మార్కెట్లో అడిగే దిక్కులేక రైతులు పారబోసి పోతుంటే, మిల్లులో పనిచేసే స్నేహితుడు ఆటోలో వేసుకొచ్చి అందరికీ పంచాడట. పెట్టెడు టమోటాలు ఇద్దరం ఎంతని తింటాం? పచ్చడి పెట్టాను, చారు పెట్టాను, పక్కింటికి ఇచ్చాను. మిగిలినవి మెత్తబడి కారడం మొదలైంది. పారేయడానికి మనసొప్పక, తద్దినం ముందురోజు అన్నీ తెచ్చి వానపాముల డబ్బాల్లో కుమ్మరించాను. ఇన్ని వేయకూడదని అక్క చెప్పే ఉంది. ఒకేసారి పులుపు, తడి ఎక్కువైతే అవి ఉండలేవు, బయటికి పాకిపోతాయి. నాకు తెలుసు. తెలిసీ, పారేయడమంటే పడని నా బుద్ధి కొద్దీ మూతలు బిగించి లోపలికి వచ్చేశాను.

తెల్లవారేసరికి సన్నగా తుంపర, ఆషాఢపు గాలి. చీపురు కోసం బాల్కనీలోకి పోతే మూత ఒకటి పక్కకు జరిగి ఉంది. పళ్లెం నిండి పొర్లి, గోధుమరంగు నీళ్లు నేలంతా పారాయి. గోడ మీద వానపాములు, మెట్ల మీద వానపాములు. మా మెట్లు వెనక పెరట్లోకి దిగుతాయి. చేటలోకి ఏరుకుంటూ ఒక్కో మెట్టు దిగాను. కిందికి వచ్చి తలెత్తి చూశాను.

మా బాల్కనీ కింద, వాన పడకుండా గాలి తగిలే చోట, అవ్వ ఎత్తుగా ఒక వెదురుబొంగు కట్టించుకుంది. మడిచీరలు దానిమీదే ఆరేస్తుంది. ముందురోజు ఉతికి, పొడుగాటి కర్రతో పైకెక్కించి ఆరేసిన ముదురు ఎరుపు నూలు చీర దానిమీద ఉంది. తొమ్మిది గజాల చీర. విరిగిన చేత్తో అంత బరువు పిండలేదు కాబట్టి ఆ ఒక్కటే ఉతుక్కుంది. బాల్కనీ నేలకున్న పగుల్లోంచి నా డబ్బాల నీళ్లు చుక్కచుక్కగా సరిగ్గా దానిమీద పడుతున్నాయి. అంచు దగ్గర మడతలో ఒక వానపాము వేలాడుతోంది.

చేత్తో తీస్తే చీర మైలపడుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నాకే నవ్వొచ్చింది. చీపురుపుల్ల తెచ్చి, కొసతో ఆ వానపామును ఎగరగొట్టాను. తర్వాత చీరను చూశాను. ముదురు ఎరుపు మీద ఆ నీళ్ల మరక కనపడనే లేదు. గాలికి ఇంకో కాసేపట్లో ఆరిపోతుంది. ఎవరికీ తెలియదు.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన రాయడానికి చెయ్యి ఆడటం లేదు. కట్టుకోనీ, ఏమవుతుంది, అనుకున్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఇన్నాళ్లూ నన్ను దూరం దూరం అంది కదా, ఈ పొద్దు నా వానపాముల నీళ్లు కట్టుకుని వండనీ అనిపించింది. ఆ క్షణంలో నాకు తియ్యగా కూడా అనిపించింది. ఎంత నీచపు తీపో, ఆమె తలుపు తీసిన చప్పుడు వినగానే తెలిసింది.

అవ్వ స్నానం ముగించి, తడి పంచె చుట్టుకుని, చేతిలో కర్రతో వచ్చింది. నన్ను చూసి నవ్వింది. "లేసినావా? ఈ పొద్దు నా చేతి వంట" అంది. కర్ర ఎత్తి చీర కింద పెట్టబోయింది.

"ముట్టుకోవద్దవ్వా!" అని అరిచాను.

ఆ మాట నా నోటి నుంచి రావడం ఆమెకు అర్థం కాలేదు. కర్ర గాలిలోనే ఆగింది. "ఏమే? పిల్లి తాకిందా?"

అవునంటే అయిపోయేది. పిల్లిని తిట్టుకునేది. నోరు తెరిచాను గానీ మూడో అబద్ధం రాలేదు.

"పిల్లి గాదవ్వా. నా డబ్బాల నీళ్లు పడినాయి. వాటిల్లో... వానపాములుండాయి."

"వానపాములు యాడివి?"

"నేనే సాకుతాండాను. ఎరువు కోసం."

ఆమె నా చేతిలోని చేటను చూసింది. అందులో అవి ముడివేసుకుని కదులుతున్నాయి. తర్వాత తులసికోటను చూసింది. "దానికి పోసింది?"

"ఆ ఎరువే."

"నా నెత్తి మీద పురుగుల్ని సాకుతా, ఆకులని సెప్పినావా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు ఎదురు చెప్పడానికి ఏదైనా దొరికేది. "ఎన్నాళ్ల నుంచి?"

నేను చేటను వెనక్కి దాచుకున్నాను.

"పట్టుచీర కట్టుకో అవ్వా" అన్నాను.

"మా ఇంట్లో తద్దినానికి పట్టు పనికిరాదు. ఉతికిన నూలే కావల్ల." చీర వైపు చూస్తూ, "తడిమడే గతి" అంది.

తడిమడి అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆరిన మడిబట్ట లేనప్పుడు అప్పటికప్పుడు నీళ్లలో ముంచి, ఆ తడిబట్టే కట్టుకుని వంట చేయాలి. ఆమె చీరను కర్రతో లాగి బావి దగ్గర రాతి మీద వేసింది. చీర ముట్టుకుంది కాబట్టి మళ్లీ స్నానం. వంట కోసం తోడి పెట్టుకున్న నీళ్లు ఖర్చు పెట్టడానికి లేదు, మళ్లీ తోడాలి. చేద వేసి తాడు లాగడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చాక మణికట్టు దగ్గర పట్టు జారి, చేద దబ్బున నీళ్లలో పడింది. నేను ముందుకు ఒక అడుగు వేశాను.

"దూరం" అంది, తల తిప్పకుండానే.

నేను తోడితే ఆ నీళ్లు పనికిరావు. నాలుగడుగుల దూరంలో రెండు చేతులూ బాగున్న మనిషిని నిలబడి ఉన్నాను. ఆమె ఎడంచేత్తో తాడును ఒంటికి అదిమిపట్టి, మోచేతికి చుట్టుకుంటూ, చేద తర్వాత చేద లాగింది. చీర ఉతికింది. పిండడానికి చేతకాక, నీళ్లు కారుతుండగానే కట్టుకుంది. గాలి వీచినప్పుడల్లా ఆ చీర ఆమె కాళ్లకు అతుక్కునేది. వణుకుతూ వంటింట్లోకి పోయింది. నేల మీద తడి జాడ మిగిలింది. నేను చేట పట్టుకుని పైకి పోయాను.

మరిది కొడుకు బ్రాహ్మలతో వచ్చేసరికి వంట సగం కూడా కాలేదు. మెట్ల మధ్యలో నిలబడితే కింది మాటలు వినపడతాయి.

"ఇదేంది దొడ్డమ్మా, తడిచీరతో ఉండావు? ఇంత గాలిలో?"

ఇప్పుడు చెప్తుంది. పురుగుల సంగతి వింటే ఆయన ఈ నెలలోనే మమ్మల్ని ఖాళీ చేయిస్తాడు.

"నిన్న ఆరేసేది మరిచినాను రా" అంది అవ్వ.

"మరిచినావా? ఈ పొద్దుకోసం నెల నుంచి లెక్కేసుకుంటాండావు, చీర ఆరేసేది మరిచినావా?"

"మరిచినాను. ఏం, మరపు రాగూడదా?"

మధ్యాహ్నం దాటి చాలాసేపటికి గానీ భోజనాలు కాలేదు. వంట బాగుందనే బ్రాహ్మలు అన్నారట. అయినా అందరూ చేతులు కడుక్కున్నాక ఆయన గొంతు మెత్తగా వినిపించింది. తిట్టినా అంత బాధ ఉండదు.

"నీది తప్పు అనడం లేదు దొడ్డమ్మా. వయసు. ఈ పొద్దు చీర మరిచినావు, రేపు పొయ్యి మరిచిపోతావు. వచ్చే ఏడు నుంచి మా ఇంట్లోనే పెడదాం. నీ కోడలు వండుతాది. నువ్వు వచ్చి కూర్చో."

"నా చేతనైతాది రా."

"చూసినాం గదా."

అవ్వ మెట్ల వైపు తల తిప్పింది. నన్ను చూసింది. రెండు మెట్లు దిగితే చాలు, అన్నా అది ఆమె మరపు కాదు, నా వానపాములు అని చెప్తే చాలు. నేను తల దించుకున్నాను. వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా మెట్లెక్కి, మా తలుపు వేసుకున్నాను. ఇదంతా రాస్తున్నది ఎక్కిన ఆ నాలుగు మెట్ల గురించే. చీర మీద పడిన నీళ్లు నా చేతిలో లేవని సర్దిచెప్పుకోగలను. ఆ మెట్లు ఎక్కింది మాత్రం నా కాళ్లే.

మా ఆయనతో చెప్పాను. "ఆమే సర్దుకునింది గదా, నువ్వెందుకు కెలుకుతావు? ఇల్లు ఖాళీ చెయ్యమంటే మళ్లీ యాడ ఎతుకుదాం?" అన్నాడు. ఆ మాట కోసమే చెప్పానని తర్వాత తెలిసింది నాకు. ఎవరో ఒకరు అలా అంటే దాని వెనక దాక్కోవచ్చు.

ఆ రాత్రి నుంచే అవ్వకు జ్వరం. మేము వండింది తినదు కాబట్టి పళ్లు, కాచని పాలు తెచ్చి గడప దగ్గర పెట్టేదాన్ని. జ్వరం తగ్గిన రోజు గడప బయట కూర్చుని అడిగాను. "ఎందుకట్ల సెప్పినావవ్వా? నా పేరు సెప్పుంటే పోయేది గదా."

"సెప్తే మిమ్మల్ని పంపించేస్తాడు. మళ్లీ ఎవుర్నో తెచ్చి పెడతాడు. ఈ వయసులో నాకు కొత్తోళ్లు వద్దు" అంది, గోడ వైపు తిరిగి.

"ఇప్పుడు నేను పోయి సెప్తాను."

"సెప్పాలనుకునేదానివి ఆ పొద్దే దిగుంటావు" అంది.

నేను లేచి వచ్చేశాను. ఆ వారమే డబ్బాలన్నీ ఎమ్మిగనూరుకు తీసుకుపోయి మా అమ్మ ఇంటి వెనక కుమ్మరించాను. "బాగా చెట్లు పెరుగుతాండాయంటివి, ఏమైందే?" అని అమ్మ అడిగింది. వాసన వస్తోందని చెప్పాను. అదీ అబద్ధమే. వాటికి ఏ వాసనా లేదు.

ఆ తర్వాతి ఏడాదంతా మరిచినానన్న ఆ ఒక్క మాట ఆమె వెంట తిరిగింది. మరిది కొడుకు రోజూ ఫోను చేసి, గ్యాసు కట్టేసినావా, మాత్ర వేసుకున్నావా, గేటు వేసినావా అని అడిగేవాడు. బంధువులు వస్తే, "మరపు ఎక్కువైందంట గదా" అని ఆమె ముందే అనుకునేవాళ్లు. మొదట్లో అవ్వ కస్సుమనేది. తర్వాత ఊరుకునేది. ఆ తర్వాత ఒకరోజు, ఎదురుగా దీపం వెలుగుతుండగా, "నేను దీపం పెట్టినానా?" అని నన్నే అడిగింది. వేళాకోళమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఈ ఆషాఢంలో తద్దినం రోజు పొద్దున్నే మరిది కొడుకు ఆటో తీసుకుని వచ్చాడు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, పేరంటానికి పోయే మనిషిలా ఆటోలో కూర్చుంది. ఇక ఆగలేకపోయాను. మెట్లు దిగి, గేటు దాటి, ఆయన ముందు నిలబడ్డాను.

"అన్నా, ఒక మాట. పోయిన ఏడు ఆమె చీర ఆరేసేది మరిచిపోలేదు. ఆరేసింది. నేను పైన ఎరువు కోసం వానపాములు పెంచుతాంటి. ఆ నీళ్లు చీర మీద పడినాయి. అందుకే తడిచీర కట్టుకునింది. మీరు ఖాళీ చేయిస్తారని భయపడి నేను మీకు సెప్పలేదు. ఆమెకు ఏ మరపూ లేదన్నా. ఆమె చేత్తో చేయనీయండి."

ఆయనకు కోపం వస్తుందని ఎదురుచూశాను. కోపమైతే బాగుండేది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"మా దొడ్డమ్మ మీద మీకు ఇంత అభిమానం ఉందని తెలీదమ్మా. ఆమె ఏడ్చిందా మీ దగ్గర? ఆమె కోసం నింద మీ మీద వేసుకుంటాండారు. వానపాములా? పైన పూలకుండీలు తప్ప ఏముండాయి, నేను సూడలేదా? మీలాంటోళ్లు ఇంట్లో ఉండటం మా అదృష్టం."

"నిజమన్నా. ఆమెనే అడగండి."

ఆయన నవ్వుతూ ఆటోలోకి వంగాడు. "దొడ్డమ్మా, ఈమె ఏమంటాందో విన్నావా? పోయిన ఏడు చీర నువ్వు ఆరేసినావంట."

అవ్వ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఏదో వెతుక్కుంటున్నట్టు ఆమె కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "లేదు రా" అంది మెల్లగా. "నేనే మరిచినాను. ఆ పొద్దు నేనే మరిచినాను."

నేను ఆటో కమ్మీ పట్టుకుని ఆమె ముఖంలోకి వంగాను. నన్ను ఇంకా కాపాడుతోందా, లేక నిజంగానే అలా అనుకుంటోందా అని వెతికాను. ఆమె కళ్లలో ఎక్కడా అబద్ధం కనపడలేదు.